పార్కు వెనక సూది గుచ్చుకుంది: కెమెరా పెట్టాలా, డబ్బా పెట్టాలా?

మర్రిపాలెం మూర్తి · సోమవారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మా కాలనీ పార్కు వెనక, నీళ్ళ ట్యాంకు కింద, ఆరు నెలలుగా సిరంజిలు కనిపిస్తున్నాయి. సన్న ఇన్సులిన్ సూదులే ఎక్కువ కాబట్టి ఎవరో షుగరు పేషెంటు పారేస్తున్నారనుకున్నాం. తర్వాత మెడ విరిచిన చిన్న గాజు సీసాలు కూడా దొరికాక, ఎవరో అక్కడ మత్తు మందు సూదితో ఎక్కించుకుంటున్నారని అర్థమైంది.

ఈ ఉదయం ఆరున్నరకి చెత్త ఎత్తే ఆవిడ ఆకులు గోనెలోకి తోస్తుంటే చూపుడు వేలికి సూది దిగింది. వాకింగ్ చేస్తున్న నా కళ్ళముందే. చేతికి గ్లౌజు ఉంది గానీ సూదిని గ్లౌజేం ఆపుతుంది? ఆవిడ వేలు నోట్లో పెట్టుకోబోతే ఆపాను.

రాత్రికి అసోసియేషన్ మీటింగ్. సాయంత్రం ఆరింటికే గేటుకి తాళం వేసి రెండు కెమెరాలు పెట్టాలని సగం మంది అంటున్నారు. మిగతా సగం పోలీసులకి చెబుదామంటున్నారు. సెక్రటరీని నేను. పోయిన నెల ట్యాంకు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కనిపిస్తే కర్ర పట్టుకుని తరిమింది కూడా నేనే. వాడిన సూదులు వేయడానికి అక్కడో డబ్బా పెడితే ఎలా ఉంటుంది? సలహా చెప్పండి.

నైట్ డ్యూటీ సిస్టర్ · సోమవారం ఉదయం 8:22

మూర్తి గారూ, మీటింగ్ సంగతి తర్వాత చూద్దాం. ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?

వేలిని పారే నీళ్ళ కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, బ్లీచింగు, డెట్టాల్ పోయకూడదు. ఈ పూటే కేజీహెచ్‌కి, అదే వైజాగ్ కింగ్ జార్జ్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడని అడిగి, సూది గుచ్చుకుందని చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక ఉపయోగం లేదు. 28 రోజులు మానకుండా వేసుకోవాలి.

కంగారు పెట్టకండి ఆవిడని. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది ఆసుపత్రిలో మాకు గుచ్చుకుంటే అంటుకునే అవకాశం 1000లో 3 అని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. బయటపడి ఎండిన సూదిలో ఇంకా తక్కువ. నాకు ఎక్కువ టెన్షన్ హెపటైటిస్ బీ గురించి. టీకా వేయించుకోని మనిషికి అది ఎన్నో రెట్లు తొందరగా అంటుతుంది. టీకా సంగతి కూడా అక్కడే అడగండి.

డాల్ఫిన్ నోస్ · సోమవారం ఉదయం 8:40

ఇదంతా గంజాయి బ్యాచ్ పని. నాలుగు తగిలిస్తే సూదులూ ఉండవు, సీసాలూ ఉండవు. మూర్తి గారు కర్ర పట్టుకోవడంలో తప్పేముంది? కాలనీకొక కర్ర కావాలి.

మర్రిపాలెం మూర్తి · సోమవారం ఉదయం 8:55

ఆవిడ పక్కవీధిలో పని చేసుకుంటోంది సిస్టర్. "ఏటవదు బాబూ, పసుపెట్టేసినాను" అంటోంది. పని మధ్యలో వెళ్తే ఈ రోజు కూలి పోతుందని భయం. కూలి నేనిస్తానన్నాను. ఆటో పిలిచాను. బయల్దేరుతున్నాం.

మందుల కొట్టు · సోమవారం ఉదయం 10:05

డాల్ఫిన్ గారూ, గంజాయి ఎవడూ సూదితో ఎక్కించుకోడు. మన్యం నుంచి గంజాయి వస్తుంది కాబట్టి వైజాగ్‌లో ఏ మత్తు కనిపించినా దానికి గంజాయి పేరే పెట్టేస్తాం. గాజు సీసాలు ఉన్నాయంటే అది ఆపరేషన్ తర్వాత నొప్పికి ఆసుపత్రుల్లో ఇచ్చే మందు అయి ఉంటుంది. పెంటాజోసిన్ లాంటిది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతి సీసా రిజిస్టర్‌లో రాయాలి. మా కొట్టుకి రాదు, వేరే దారుల్లో వస్తుంది. పట్టుబడినప్పుడల్లా పేపర్లో చూస్తున్నాం కదా.

నా సంగతి ఒకటి చెప్తాను. ఇరవై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. సిరంజికి చీటీ అక్కర్లేదు. రెండేళ్ళ క్రితం వరకు ఎవరడిగినా ఇచ్చేవాడిని. కాలనీవాళ్ళు గొడవ చేశారని కుర్రాళ్ళకి ఇవ్వడం మానేశాను. చూస్తే షుగరు మనిషిలా లేకపోతే "లేవు" అనేవాడిని. ఓ రోజు అలా వెనక్కి పంపిన కుర్రాడు కొట్టు పక్క చెత్తకుండీలో వెతుకుతున్నాడు. నేను చూస్తున్నానని వాడికి తెలీదు. దొరికినదాన్ని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు.

రైల్వే న్యూకాలనీ రమ · సోమవారం ఉదయం 10:30

మరి ఇప్పుడు ఇస్తున్నారా?

మందుల కొట్టు · సోమవారం ఉదయం 10:34

ఇస్తున్నానమ్మా. ఒకటడిగితే రెండిస్తాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

లీత్ వాక్ · సోమవారం మధ్యాహ్నం 1:15

గాజువాక కుర్రాడిని, ఉద్యోగానికి వచ్చి ఎడిన్‌బరోలో స్థిరపడ్డాను. మీరు చెప్పిన చెత్తకుండీ కథ ఈ ఊరు 1980ల్లోనే చూసింది. హెరాయిన్ వాడకం పెరిగిందని పోలీసులు సిరంజిలు లాక్కోవడం మొదలుపెట్టారు, కొట్లు అమ్మడం మానేశాయి. వాడకం ఆగలేదు, సిరంజిలు తగ్గాయి. ఒకే సూది చేతులు మారుతూ గదంతా తిరిగేది. 1986 నాటికి ఇక్కడి ఒక డాక్టరు తన దగ్గరికొచ్చే హెరాయిన్ వాడేవాళ్ళకి పరీక్ష చేయిస్తే సగం మందికి హెచ్‌ఐవీ. గంట ప్రయాణం దూరంలో ఉన్న గ్లాస్గోలో అంత లేదు. తర్వాత ఇక్కడే పాత సూది తెచ్చిస్తే కొత్తది ఇచ్చే కేంద్రాలు తెరిచారు. అలాంటి పద్ధతిని అప్పటికే ఆమ్‌స్టర్‌డామ్‌లో 1984లో మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? మత్తు వాడేవాళ్ళ సంఘమే.

డాల్ఫిన్ నోస్ · సోమవారం మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, ఎడిన్‌బరో కబుర్లు బాగానే ఉన్నాయి. ఇక్కడ మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ట్యూషన్ నుంచి రాత్రి తొమ్మిదికి ఆ పార్కు పక్కనుంచే వస్తాడు. నా కొడుకు దారిలో ప్రభుత్వమే సూదులు పంచుతుంటే నేను చప్పట్లు కొట్టాలా? సూది ఇవ్వడమంటే కానీయమని చెప్పినట్టే కదా?

నైట్ డ్యూటీ సిస్టర్ · సోమవారం మధ్యాహ్నం 2:20

మీ భయం అర్థమైంది సార్, నాకూ టెన్త్ చదివే కొడుకున్నాడు. ఒకటి గుర్తు చేస్తాను. 2000 ప్రాంతాల్లో మన రాష్ట్రంలో హెచ్‌ఐవీ ఎలా ఉండేదో ఆ వార్డుల్లో పని చేసిన మాకు తెలుసు. అప్పుడు హైవే దాబాల్లో, లారీలు ఆగే చోట నిరోధ్ డబ్బాలు పెడితే ఇదే మాట అన్నారు, "కానీయమని చెప్పినట్టే" అని. డబ్బా చూసి చెడిపోయిన డ్రైవర్ ఒక్కడైనా ఉంటాడా? బతికిపోయినవాళ్ళు మాత్రం చాలామంది.

సూదులు పంచడం ఎవరో స్వచ్ఛంద సంస్థ సొంత తెలివి కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే నాకో, ఏళ్ళ తరబడి దేశంలో చేయిస్తున్న పని. దేశంలో పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ 1000 మందికి ఇద్దరు. సూదితో మత్తు తీసుకునేవాళ్ళలో 2021 లెక్క ప్రకారం 100 మందికి 9 మంది. వాళ్ళకి పెళ్ళాలు ఉంటారు, పిల్లలు పుడతారు. ఆ తొమ్మిది ట్యాంకు వెనకే ఆగిపోదు.

(ఈ వ్యాఖ్య తొలగించబడింది) · సోమవారం మధ్యాహ్నం 3:05

మోడరేటర్ · సోమవారం మధ్యాహ్నం 3:12

ఆ కుర్రాళ్ళ ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుదామన్న వ్యాఖ్య తీసేశాను. "ఆ మందు ఎక్కడ దొరుకుతుంది" అని అడిగినవారి వ్యాఖ్య కూడా. ఆ రెండో ఆయన నిజంగా సాయం కోసమే అడిగి ఉంటే 14446కి చేయండి. అది కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

రిటైర్డ్ హెడ్ · సోమవారం సాయంత్రం 5:50

ముప్పై రెండేళ్ళు సర్వీసు చేసి రిటైరైన హెడ్ కానిస్టేబుల్ని. ఏ స్టేషన్ అని అడక్కండి.

సూదులు ట్యాంకు కిందే ఎందుకు పడుంటున్నాయో ఎవరైనా ఆలోచించారా? మా రోజుల్లో బీటుకి వెళ్తే మొదట జేబులు తడిమేవాళ్ళం. సిరంజి దొరికిందా, ఇంకేమీ దొరక్కపోయినా స్టేషన్‌కి నడు. మోచేయి మడత చూసేవాళ్ళం, చెంప మీద ఒకటి, ఇంటికి ఫోను. అమ్మనో నాన్ననో నలుగురిలో పిలిపించేవాళ్ళం. అది మంచికే అనుకునేవాణ్ణి, నిజంగానే.

ఆ దెబ్బతో కుర్రాళ్ళు నేర్చుకున్నదేంటంటే సిరంజి జేబులో పెట్టుకోకూడదని. గుచ్చుకున్న చోటే పారేసి లగెత్తాలి. మళ్ళీ కావాల్సినప్పుడు, కొత్తది కొనడానికి మొహం చెల్లకపోతే, అక్కడికే వచ్చి వెతుక్కోవాలి. మూర్తి గారి కాలనీ ఆవిడ వేలికి గుచ్చుకున్న సూది ఒక రకంగా మా లాఠీ వేయించినదే. ఈ మాట యూనిఫాం మీద ఉండగా అనలేదు, ఇప్పుడంటున్నాను.

మర్రిపాలెం మూర్తి · సోమవారం రాత్రి 10:45

హెడ్ గారూ, మీ పోస్టు మీటింగ్‌లో చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన "అయితే కెమెరా ఎక్కడ పెడదాం?" అన్నాడు. ఏమీ తేలలేదు.

ఆవిడకి మందు మొదలైంది. రక్తం తీసుకున్నారు, హెపటైటిస్ టీకా మొదటి డోసు వేశారు. కౌన్సెలింగ్ చేసినమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. బయటికొచ్చాక ఆవిడ నన్నో ప్రశ్న అడిగింది. "బాబూ, ఈ మాత్రలు ఇంట్లో కనపడితే నాకేదో రోగముందనుకోరా?" నా దగ్గర జవాబు లేదు. మాత్రల డబ్బా మా ఇంట్లో ఉంచి రోజూ పనికొచ్చినప్పుడు వేసుకుంటానంది. సరేనన్నాను.

యారాడ గాలి · మంగళవారం తెల్లవారుజాము 2:30

ఇక్కడ రెండేళ్ళుగా క్రికెట్ గురించే రాశాను. ఈ రోజు వేరేది రాస్తాను. నిద్ర పట్టట్లేదు.

ఆ సూది నాలాంటివాడిదే. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు కాంట్రాక్టు పనిలో నిచ్చెన మీదనుంచి పడి నడుం దెబ్బతింది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి పోవడమే కాదు, అప్పులు, నాన్న తిట్లు, అన్నీ కాసేపు పోయాయి. నడుం బాగయ్యాక కూడా నొప్పని చెప్పి వేయించుకున్నాను. తర్వాత చీటీ లేకుండా దొరికే చోటు తెలిసింది. ఏడాది తిరిగేసరికి రోజుకి నాలుగైదు. మానేస్తే ఒళ్ళంతా పీకేస్తుంది, ముక్కు కారుతుంది, విరేచనాలు, రాత్రంతా కాళ్ళు తన్నుకోవడమే. సరదాకని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. రెండో ఏడాదికి సరదా ఎక్కడుంది? మామూలు మనిషిలా నిలబడడానికే అది కావాలి.

ఆ మందు పాడు మందు. గుచ్చిన చోట కండ కర్రలా గట్టిపడుతుంది, పుండ్లు పడతాయి. నా తొడ మీద నిమ్మకాయంత గడ్డ లేచి చీము పట్టింది. అమ్మ ఏడ్చి ఏడ్చి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గడ్డ కోసే ముందు మత్తు ఇవ్వాలిగా. "వీడికెందుకు మత్తు, వీడు పుట్టిందే మత్తులో" అన్నాడు డ్రెస్సింగ్ చేసేవాడు. అందరూ నవ్వారు. అలాగే కోశారు. అమ్మ బయట బల్ల మీద కూర్చుని నా కేకలు విన్నది. కట్టు కట్టాక అమ్మతో "ఇలాంటివాడిని కనేకంటే" అని ఆయన ఏదో అన్నాడు, అది రాయను.

నాలుగు నెలలకి రెండో గడ్డ. ఈసారి ఎవరికీ చెప్పలేదు. బాత్రూమ్‌లో బ్లేడుతో నేనే కోసుకున్నాను. జ్వరం 104. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కాలు తీసేసేవారట.

పరువు పోతుందని నన్ను ఢిల్లీలో మావయ్య దగ్గరికి పంపించేశారు. అక్కడా మందు దొరికింది, అదేం పెద్ద పని కాదు. ఒక సాయంత్రం ఫ్లైఓవర్ కింద ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనా ఒకప్పుడు వాడినవాడే. చేతిసంచిలోంచి కొత్త సిరంజిలు, స్పిరిట్ దూది తీసి ఇచ్చాడు. "పాతవి ఉంటే ఇటివ్వు" అన్నాడు, అంతే. మానేయమనలేదు. ఫొటో తీయలేదు. "గడ్డకి కట్టు మార్చుకో, రేపు మా సెంటర్‌కి రా, టీ కూడా ఉంటుంది" అన్నాడు. మూడేళ్ళలో నా వైపు చూసి టీ తాగుతావా అన్న మొదటి మనిషి ఆయనే.

మూడో నెలలో నేనే అడిగాను, దీన్నుంచి బయటపడే దారేదైనా ఉందా అని. ప్రభుత్వ కేంద్రంలో బ్యూప్రెనార్ఫిన్ మాత్ర మొదలుపెట్టారు. రోజూ వెళ్తే వాళ్ళ ముందే నాలుక కింద పెట్టించేవారు. పీకుడు ఆగిపోయింది, సూదితో పని లేకపోయింది. మావయ్య "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు" అనేవాడు. ఆ మాత్ర వేసుకునే రోజుల్లోనే గోడౌన్‌లో పని దొరికింది, జీతం అందుకున్నాను, అమ్మకి చీర పంపించాను. అంతకుముందు ఆరుసార్లు "ఒక్కసారిగా మానేస్తాను" అని ఒట్టేశాను, ఆరుసార్లూ వారం దాటలేదు.

హెచ్‌ఐవీ లేదు. హెపటైటిస్ సీ వచ్చింది. 12 వారాలు మాత్రలు వాడితే పోయింది, అదీ ప్రభుత్వంవారు ఉచితంగానే ఇచ్చారు. ఊరికి తిరిగొచ్చి నాలుగేళ్ళు. పెళ్ళి చూపుల్లో పొట్టి చేతుల చొక్కా వేసుకోమంటుంది అమ్మ, మచ్చల సంగతి మర్చిపోయి.

లలిత నగర్ పిన్ని · మంగళవారం ఉదయం 6:15

నాన్నా, అమ్మకి నా నమస్కారం చెప్పు.

డాల్ఫిన్ నోస్ · మంగళవారం ఉదయం 7:30

తమ్ముడూ, చదివాను. నువ్వు మారావు, సంతోషం. అందరూ నీలా మారతారా?

యారాడ గాలి · మంగళవారం ఉదయం 7:52

మారరు అన్నా. నాతో టీ తాగినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ వాడుతున్నారు. వాళ్ళకి కాళ్ళున్నాయి, చేతులున్నాయి, హెచ్‌ఐవీ లేదు. మారాకే మనిషిగా చూస్తామంటే మారేదాకా బతికుండాలిగా.

ఆరిలోవ అడ్వకేట్ · మంగళవారం ఉదయం 9:20

చట్టం గురించి రెండు ముక్కలు, హెడ్ గారు చెప్పినదానికి జోడింపుగా.

హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అందులో 22వ సెక్షన్ సరిగ్గా ఈ పని గురించే. హెచ్‌ఐవీ వ్యాప్తి తగ్గించే కార్యక్రమంలో భాగంగా శుభ్రమైన సూదులు ఇచ్చేవారి మీదా, తీసుకునేవారి మీదా ఆ కారణంతో కేసు పెట్టకూడదు. పైన తమ్ముడు వాడిన బ్యూప్రెనార్ఫిన్ వైద్యానికీ అదే రక్షణ. అంటే మత్తు కొనడం, అమ్మడం నేరం కాకుండా పోలేదు, మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 1985 అలాగే ఉంది. అందులోనే 64ఏ సెక్షన్ ఉంది, ఎవరూ చెప్పరు. వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం కేసులోనో ఉన్న మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికి చేరితే ప్రాసిక్యూషన్ ఉండదు. వైద్యం మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

ఇంకొకటి. మత్తు మాన్పిస్తామని మనుషుల్ని గొలుసులతో కట్టే ప్రైవేటు సెంటర్లు ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసు వేయడం పూర్తిగా నిషేధం. ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టినా సరే.

ఒక చెల్లి · మంగళవారం రాత్రి 11:10

గొలుసు అన్న మాట దగ్గర ఆగిపోయాను. పొద్దుటినుంచి రాయాలా వద్దా అని.

మా అన్నయ్యని అలాంటి చోటే నాలుగు నెలలు ఉంచాం. పేరు చెప్పను. డబ్బు కట్టింది నేనే, నా గాజులు పెట్టి. తిరిగొచ్చినప్పుడు కొంచెం ఒళ్ళు చేశాడు, మేమంతా మురిసిపోయాం. సింహాచలం తీసుకెళ్ళాం. మణికట్టు చుట్టూ నల్లగా చార ఉంది. వాచీ పెట్టుకున్నానన్నాడు.

పదకొండో రోజున పోయాడు. మానేయకముందు ఎంత ఎక్కించుకునేవాడో అంతే ఎక్కించుకున్నాడట. నాలుగు నెలలు మానేసిన ఒంటికి అది తట్టుకునే శక్తి ఉండదని డాక్టరు తర్వాత చెప్పాడు. సెంటర్‌లో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, మాకూ, వాడికీ. పక్కన ఇద్దరు స్నేహితులున్నారు. గురక వింతగా వస్తోందని, పెదాలు నీలంగా అయ్యాయని వాళ్ళకి తెలిసింది. 108కి చేస్తే పోలీసులొస్తారని భయపడి మా గుమ్మం ముందు పడుకోబెట్టి, బెల్లు కొట్టి పారిపోయారు.

చుట్టాలందరికీ గుండెపోటని చెప్పాం. ఇప్పటికీ అదే. ఏటా తద్దినం రోజున పురోహితుడి ముందు కూడా అదే.

వాళ్ళిద్దరినీ చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, బెల్లయినా కొట్టారు కదా అని.

నైట్ డ్యూటీ సిస్టర్ · బుధవారం ఉదయం 6:40

చెల్లెమ్మా, మీరు రాసింది ఎవరో ఒకరికి పనికొస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను, అందరూ గుర్తుపెట్టుకోండి.

పిలిచినా, గట్టిగా కుదిపినా పలక్కపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం లేదా గురకలా రావడం, పెదాలు, గోళ్ళు నీలమవడం, కంటిపాప గుండుసూది తలంత చిన్నదవడం. ఇవి కనిపిస్తే ఆ మనిషి నిద్రపోవడం లేదు, పోతున్నాడు. నీళ్ళు కొట్టడం, మజ్జిగ తాగించడం, ఉప్పునీళ్ళతో వాంతి చేయించడం, ఏదీ వద్దు. 108కి చేసి "మనిషి ఊపిరి తీసుకోవట్లేదు" అని చెప్పండి. ముందు అంతవరకు చాలు, అంబులెన్స్ వచ్చాక ఏం తీసుకున్నాడో కూడా చెప్పండి, వైద్యానికి అవసరం. ఊపిరి ఆగితే నోటితో ఊదండి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులో అడ్డుపడకుండా. ఒంటరిగా వదలకండి. ఆసుపత్రిలో నలాక్సోన్ అనే ఇంజెక్షన్ ఉంటుంది. ఈ రకం మందుకి అది విరుగుడు, నిమిషాల్లో మనిషి లేస్తాడు, నేను నా చేత్తో ఇచ్చి చూశాను.

జైలు నుంచో, సెంటర్ నుంచో, ఊరి నుంచో తిరిగొచ్చిన మొదటి రోజులే అన్నిటికన్నా ప్రమాదం. ఇంట్లోవాళ్ళు ఇది నోరు తెరిచి చెప్పాలి. "మళ్ళీ వాడితే" అన్న మాట ఎత్తడం అపశకునమని మనం ఎత్తం.

రైల్వే న్యూకాలనీ రమ · బుధవారం ఉదయం 9:00

చిన్న సందేహం. వీళ్ళని ఏమని పిలవాలి? పేపర్లో "మత్తుకు బానిస" అని రాస్తారు. మా ఇంట్లో "సూదిగాళ్ళు" అంటారు. ఏమన్నా తప్పులాగే ఉంది.

యారాడ గాలి · బుధవారం ఉదయం 9:25

మేం మాలో మేం "వాడేవాళ్ళు" అనుకునేవాళ్ళం అక్కా. పేరు తెలిస్తే పేరు పెట్టి పిలవండి, అన్నిటికన్నా తేలిక.

మందుల కొట్టు · బుధవారం ఉదయం 11:15

వైద్యం గురించి నన్ను విడిగా ఇద్దరు అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తాను. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో మత్తు మాన్పించే వైద్యం ఉంది. అందరూ ఆ పేరు వినగానే "పిచ్చాసుపత్రా?" అంటారు. ఆటోవాడికి ఆ పేరు చెప్పడానికి మొహం చెల్లక రెండు సందుల ముందే దిగి నడిచి వెళ్ళిన తల్లులు నాకు తెలుసు. దిగి నడవండి, ఏమీ పోదు, వెళ్ళడం ముఖ్యం. హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కావాలంటే 1097కి ఫోన్ చేయండి.

మర్రిపాలెం మూర్తి · శుక్రవారం రాత్రి 9:30

రెండో మీటింగ్ అయింది. కెమెరా తీర్మానం వీగిపోయిందనుకోకండి, ఒకటి పాసైంది, గేటు దగ్గర. ట్యాంకు దగ్గర మాత్రం డబ్బా పెట్టడానికి ఒప్పుకున్నారు. పదకొండు మంది సరే, ఎనిమిది మంది వద్దు. ఒకావిడ "రేపు ఫ్లాట్ల రేట్లు పడిపోతే మీరిస్తారా?" అంది. నేనేమీ అనలేదు.

మందమైన తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మూతకి సూది పట్టేంత కన్నం, గోడకి గొలుసుతో బిగించాం (అడ్వకేట్ గారూ, డబ్బాకి గొలుసు వేయొచ్చుగా). నిండాక మామూలు చెత్తలో వేయకుండా ఆసుపత్రి వ్యర్థాల బండికి అందేలా సిస్టర్ మాట్లాడి పెట్టారు. పొడుగు పట్టకారు ఒకటి చెత్త ఎత్తే ఆవిడకి కొనిచ్చాను.

మర్రిపాలెం మూర్తి · తర్వాతి గురువారం ఉదయం 7:40

ఆరు రోజులైంది. డబ్బా ఖాళీ. సూదులు ఎప్పటిలాగే నేలమీదే, ఈ రోజు మూడు. ఎనిమిది మందీ నన్ను చూసి నవ్వుతున్నారు.

యారాడ గాలి · గురువారం ఉదయం 8:05

ఫొటో చూశాను సార్. దీపస్తంభం కిందే పెట్టారు, గేటు కెమెరాకి ఎదురుగా. నేనైతే చచ్చినా అక్కడికి రాను. ట్యాంకు వెనక, అశోక చెట్ల వైపు, చీకట్లో పెట్టండి. డబ్బా మీద "మత్తు మానండి" అని రాశారు, అది చెరిపేయండి. "సూదులు ఇందులో వేయండి" చాలు.

డాల్ఫిన్ నోస్ · గురువారం ఉదయం 8:30

చీకట్లో డబ్బా, పైగా బోర్డు కూడా. నాకింకా నచ్చలేదని రికార్డు చేసుకోండి. మా వాడిని ట్యూషన్ నుంచి నేనే తీసుకొస్తున్నాను ఇప్పుడు. నిన్న దారిలో ఆ కుర్రాళ్ళలో ఒకడు కనిపించాడు. మా వాడి కంటే రెండేళ్ళు పెద్దుంటాడేమో. చెప్పులు లేవు.

మర్రిపాలెం మూర్తి · సోమవారం ఉదయం 7:15

మార్చాను. శుక్రవారం నేల మీద రెండు, శనివారం ఒకటి, నిన్నా ఈ రోజూ ఏమీ లేవు. పొద్దున్న ఆవిడ డబ్బా పట్టుకుని ఊపి చూసింది. లోపల గలగలమంది. "ఆ గోడవైపు కూడా ఇంకోటెట్టండి బాబూ, అక్కడా కూకుంటారు" అంది.

నైట్ డ్యూటీ సిస్టర్ · సోమవారం ఉదయం 7:50

డబ్బా ముప్పావు నిండగానే మార్చండి, పైదాకా కుక్కొద్దు. ఆవిడ మాత్రలు మానలేదు కదా? 28 రోజులయ్యాక సరిపోదు, ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించాలి. తేదీలు రాసి పెట్టారా?

మర్రిపాలెం మూర్తి · సోమవారం ఉదయం 8:02

క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాశాను సిస్టర్. మా ఆవిడ ఏంటవి అని అడిగింది. చెప్పాను. మాత్రల డబ్బా అల్మరాలోంచి తీసి దేవుడి గూటి పక్కన పెట్టింది, మర్చిపోకుండా ఉంటుందని.